నా రంగు ఏ సీసాలోనూ లేదు

మొహానికి రంగు వేసుకోవడం నేను డెబ్బై దాటాక నేర్చుకున్నాను. సరదాకి కాదు, వేషం కట్టడానికీ కాదు. నా మొహం నా మొహంలా ఉంటే మనవరాలి పెళ్లి చెడిపోతుందని పెద్దలు తేల్చారు కాబట్టి నేర్చుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. మండనీ. చల్లారేదాకా ఆగితే మర్యాదగా రాస్తాను, మర్యాదగా రాయాల్సిన సంగతి కాదిది.

నాకు బొల్లి. అరవై దాటాక మొదలైంది. కుడిచేతి చూపుడువేలి మీద మినపగింజంత తెలుపు కనబడితే సున్నం అనుకున్నాను. కొల్లేరు చేపల చెరువుల్లో మేత వేసీ సున్నం చల్లీ బతికినవాణ్ణి, వేలికి సున్నం ఉండటంలో వింత లేదు. కడిగితే పోలేదు. తర్వాత వేళ్లన్నీ తెల్లబడ్డాయి. ఆ తర్వాత పెదవుల చుట్టూ, కళ్ల కింద, చెవుల పక్కన. ఇప్పుడు నా మొహం వేసవిలో కొల్లేరులా ఉంటుంది. కొంత మేర నీళ్లు, కొంత మేర ఎండిన నేల.

ఏలూరులో చర్మం డాక్టరు చూసి, "నొప్పుండదు, అంటుకోదు, ప్రాణానికేం కాదండి. ఈ వయసులో మందులెందుకు, వదిలెయ్యండి" అన్నాడు. నేను బడి గడప ఎక్కినవాణ్ణి కాదు. పొట్లాలు కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అలా నేర్చినవాడికి దొరికిందల్లా చదివే జబ్బు పట్టుకుంటుంది. ఈ జబ్బు గురించి కూడా దొరికిందల్లా చదివాను. ఒంట్లో రంగు తయారుచేసే కణాలు పని మానేస్తాయట. అంతే సంగతి. నేనూ పని మానేశాను, అవీ మానేశాయి అని ఊరుకున్నాను.

నేను ఊరుకున్నా ఊరు ఊరుకోలేదు. మా చర్చిలో, గుడి అనే అంటాం మేం, ప్రభు భోజనం రోజున ఒకే గిన్నెలోంచి అందరికీ ద్రాక్షరసం ఇస్తారు. నా పెదవులు తెల్లబడ్డ దగ్గర్నుంచి, వరసలో నా వెనక నిలబడాల్సినవాళ్లు ఏదో తొందర పని ఉన్నట్టు నా ముందుకి వచ్చేసేవారు. కొన్నాళ్లకి నేనే చివర నిలబడటం అలవాటు చేసుకున్నాను. కుష్ఠరోగిని ప్రభువు చేత్తో ముట్టుకున్న సంగతి ఏటేటా ప్రసంగంలో వింటాం. ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. ఆరాధన ముగిసి బయటికొచ్చాక మాత్రం నాకు చెప్పే వందనాలు రెండడుగుల దూరం నుంచే. నాది కుష్ఠు కూడా కాదు!

పోనీ ఈ జనానికి తెలుపంటే పడదా అంటే, అదీ కాదు. మా ఊళ్లో తెల్లబడే క్రీము లేని ఇల్లు నాకు చూపించండి. పుట్టిన పసిగుడ్డుని చూడ్డానికి వచ్చి, "చెవి వెనక చూడండి, తెల్లగానే తేలుతుంది" అనే జాతి మనది. అంతగా కోరుకునే తెలుపు నాకు పైసా ఖర్చు లేకుండా వచ్చింది. వచ్చినవాణ్ణి పట్టుకుని, మళ్లీ నల్లబడవయ్యా అన్నారు.

అలా అన్నది మా చర్చి సంఘ పెద్ద. నాకంటే చిన్నవాడు, నన్ను బాబాయ్ అంటాడు. నా మనవరాలికి తాడేపల్లిగూడెం సంబంధం ఒకటి తెచ్చాడు. కుర్రాడు బ్యాంకులో పనిచేస్తాడు. వాళ్ల నాన్న రిటైరైన హెడ్మాస్టరు. మా పిల్ల ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. గుండుగొలను దగ్గర హైవే మీద లారీ కింద మా అబ్బాయి పోయేనాటికి దానికి ఊహ తెలియదు. మా కోడలు మిషను కుట్టి పెంచింది, నేను చెరువుల మీద కాపలా ఉండి పెంచాను. ఫోటోలు అటూ ఇటూ వెళ్లాక ఆ కుర్రాడూ ఇదీ ఫోన్లో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఫోను మోగితే పెరట్లోకి వెళ్లేది. లోపలికొచ్చేటప్పుడు మొహం వెలిగిపోతుండేది. ఈ సంబంధం తప్పిపోతే ఆ వెలుగు ఏమైపోతుందో నాకు తెలుసు. నేను చెప్పబోయేదంతా దీనికోసమే.

సంఘ పెద్ద మా అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అన్నీ కుదిరాయి బాబాయ్. పిల్ల నచ్చింది, చదువు నచ్చింది. ఒక్కటే చిన్న విషయవండి."

"చిన్నదైతే నీళ్లు నములుతావేంటి? చెప్పు."

"మీ మచ్చలండి. వంశంలో ఉందంటారు. రేపు పిల్లలకొస్తే అంటారు. లోకం నోరు మూయలేం కదండీ."

"అయితే నన్ను ఇంట్లోనే ఉండమంటావు."

"ఉంటే బానే ఉండునండి. కానీ తండ్రి లేని పిల్ల కదా. మాటివ్వడానికి మగ పెద్ద మీరొక్కరే. మీరు రాకపోతే అదో అనుమానం. అందుకే అంటున్నా, ఇప్పుడేవో క్రీములొచ్చాయంట కదండీ... సినిమావాళ్లు వేసుకుంటారంట..."

లేచి వెళ్లమన్నాను. వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "కోపం మీది, జీవితం పిల్లది బాబాయ్" అని వాకిట్లో వదిలేసి వెళ్లాడు. వంటింట్లో తల్లీ కూతుళ్ల చప్పుడు లేదు. గిన్నె పెట్టిన చప్పుడు కూడా లేదు. ఆ పూట ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే తిట్టేవాణ్ణి, కాస్త తేలికపడేవాణ్ణి. తెల్లారాక కోడలు టీ గ్లాసు అందిస్తూ, తల వంచుకునే, "మావయ్యగారండీ, ఓసారి ఏలూరు వెళ్లొద్దావండీ?" అంది.

వెళ్లాం. బజార్లో పెద్ద ఫ్యాన్సీ షాపు, లోపల ఏసీ. కౌంటరు దగ్గర ఒక అమ్మాయి, "ఎవరికండీ?" అంది. కోడలు నా వైపు చూపించింది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కిందకి వంగి ఏదో వెతికినట్టు నటించి, సీసాలు తీసి వరసగా పెట్టింది. ఒక్కోదాంట్లోంచి ఒక్కో చుక్క తీసి నా మణికట్టు మీద రాసింది. ఒకటి గోధుమపిండి రంగు, ఒకటి శనగపిండి రంగు, అన్నిటికన్నా ముదురుది వేయించిన వేరుశనగపప్పు రంగు. నాది మగ్గిన తాటిపండు తొక్క రంగు. నా నల్లటి చర్మం మీద ఆ చుక్కలన్నీ కొత్తగా వచ్చిన బొల్లిలాగే ఉన్నాయి.

"ఇంతకన్నా నలుపు లేదామ్మా?"

"డార్క్ షేడ్స్ తెప్పించవండి. ఎవరూ కొనరండి."

చుట్టూ చూశాను. షాపు నిండా జనం. అందరూ ఈ జిల్లా జనమే, ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్లే. నా రంగువాళ్లు, నాకంటే ఒక వాసి అటూ ఇటూ ఉన్నవాళ్లు. వీళ్లలో ఒక్కరి రంగు కూడా ఆ గాజు బీరువాలో లేదు.

"మరి నువ్వు ఏ రంగమ్మా?" అన్నాను, కోపం ఆగక.

"నేను మీడియమండి."

"నీ మొహం మీడియం. నీ మెడ నా రంగే."

ఆ పిల్ల ఏమీ చిన్నబుచ్చుకోలేదు. "మెడ ఎవరు చూస్తారండీ తాతగారూ!" అని నవ్వేసింది. కోడలు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. బస్సు ఏలూరు కాలవ దాటేదాకా నేను తిట్టడం ఆపలేదు. మొత్తం ఒక జనం రంగుని బీరువాలోంచి తీసేసి, అడగరు కాబట్టి తెప్పించం అంటారా? తెప్పించకపోతే అడిగేదెవడు? బస్సులో నా గొంతుకి పక్కసీటు ఆయన లేచి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. మచ్చలకి లేచాడో గొంతుకి లేచాడో తెలియదు.

చివరికి మనవరాలే ఫోన్లో వెతికి తెప్పించింది. సీసా మీద ఏదో దేశంకాని దేశపు గింజ పేరు. అదీ కాస్త ఎర్రగా తేలింది. ఇంకో ముదురు సీసా తెప్పించి రెండూ అరచేతిలో కలిపితే నేను వచ్చాను.

పాఠం మొదలైంది. టీచరు కదా, నాకూ టీచరే అయింది. ముందు గడ్డం నున్నగా గీసుకోవాలి. మొహం కడిగి, తడి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత స్పాంజి ముక్కతో మచ్చ మీద అద్దాలి. నేను దోనెలకి తారు పూసినవాణ్ణి, ఇదేం బ్రహ్మవిద్య అనుకుని సీసా వంచి దట్టంగా పట్టించాను.

"రుద్దకు తాతయ్యా, అద్దాలి. గోడకి సున్నం కొడుతున్నావా?"

"పట్టొద్దూ మరి?"

"పలచగా వేసి, ఆరాక మళ్లీ పలచగా. అంచు కనపడకూడదు. అదీ! ఇప్పుడు మాట్లాడకు, మూతి దగ్గర పగులుతోంది."

"మాట్లాడకపోతే వాళ్లకి మాటెలా ఇస్తానే?"

తల్లీ కూతుళ్లు పడీ పడీ నవ్వారు. ఆ ఇంట్లో చాలా రోజులకి విన్న నవ్వది. నాకు నవ్వు రాలేదు. నా మొహం పోయిందన్న సంగతి మీద నవ్వుతున్నారని గుర్తుచేద్దామనుకుని, మానేశాను.

రోజూ సాధన. అద్దం ముందు కూర్చుని స్పాంజితో అద్దుకునే ముసలాణ్ణి ఊహించుకోండి. మొదట్లో అంచు కుదరక, అట్లపెనం మీద దోసె అతికించినట్టు ఉండేది. పోనుపోను చెయ్యి తిరిగింది. వేళ్లకి వేయడం కష్టం. కణుపుల దగ్గర ముడతల్లోకి దిగి గీతలు తేలుతుంది. వేలు వంచి పట్టుకుని వేయాలని నేనే కనిపెట్టాను. అన్నీ అయ్యాక పైన పౌడరు అద్ది, కదలకుండా కూర్చోవాలి. పంపు కింద చెయ్యి పెట్టి చూశాం. చుక్క రంగు పోలేదు. కోడలు ఊపిరి పీల్చుకుంది. "నీళ్లకి తట్టుకుందండీ, ఇంక భయం లేదు" అంది.

ఒకరోజు అంతా కుదిరింది. అద్దంలో మచ్చ లేదు. బొల్లికి ముందున్న నేను, కొడుకు బతికున్ననాటి నేను, నా వంక చూస్తున్నాడు. ఒక్క క్షణం బాగుందనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకు వచ్చినంత కోపం సంఘ పెద్ద మీద కూడా రాలేదు.

కుర్రాడి నాయనమ్మ అంతదూరం రాలేదని, పిల్లని తీసుకుని మమ్మల్నే రమ్మన్నారు. తాడేపల్లిగూడెం ప్రయాణానికి ఏసీ కారు అద్దెకి మాట్లాడారు. నాకోసం కాదు, రంగు కోసం. నీళ్లకి ఆగినా చెమటకి కరుగుతుందేమోనని భయం. సంఘ పెద్ద ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూసి, "అబ్బ, బాబాయ్! పదేళ్లు తగ్గారండీ" అన్నాడు. నేను కిటికీలోంచి పొలాలు చూశాను.

మా వైపు ఒక పద్ధతుంది. సంబంధం చూడటానికి వెళ్లిన ఇంట్లో టీ తాగొచ్చు, మిఠాయి కొరకొచ్చు. అన్నం మాత్రం ముట్టరు. పెద్దలు విస్తరి ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టారంటే మాట ఖాయం చేసుకున్నట్టు. ఆ తర్వాత వెనక్కి పోవడం పరువు తక్కువ. ఇది మొదటిసారి వెళ్లడం కాబట్టి టీతో సరి అని సంఘ పెద్ద చెప్పాడు. మేమూ టీకి సరిపడా తయారయ్యాం. కప్పు పట్టుకునే వేళ్లకి, పలకరించే పెదవులకి.

వాళ్లు మంచిగానే చూశారు. హెడ్మాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని వందనాలు చెప్పి, పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆయన తల్లి, పెద్దావిడ, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నీ అడిగి తెలుసుకుంది. కుర్రాడు నెమ్మదస్తుడు. మాట మాట కలిసింది. కలిసిన ఉత్సాహంలో హెడ్మాస్టరుగారు లేచి, "ఏవండీ, ఇంకెందుకండీ నాన్చడం. మా అమ్మకీ వయసైపోతోంది. భోంచేసే వెళ్లాలి మీరు. ఇంట్లో వంటయిపోయింది" అన్నారు.

కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో. మనవరాలు తల వంచుకుంది. హాల్లో చాపలు పరిచారు, అరటాకులు వేశారు. లోపల్నుంచి కొరమేను పులుసు వాసన వచ్చింది. ఆ వాసనకి నా వేళ్ల వంక చూసుకున్నాను.

పులుసు మీద వేలెడు మందాన నూనె తేలుతుంది. చింతపండు పులుపు. ముల్లు తీసుకుంటూ వేళ్లతోనే తినాలి, చెంచాకి లొంగే కూర కాదు. మేం రంగుని నీళ్లతో పరీక్ష చేశాం. నూనెతో చేయలేదు. కొల్లేరు నీళ్లలో పుట్టి పెరిగినవాళ్లం కదా, తడి అంటే మాకు నీళ్లే గుర్తొచ్చాయి.

"నాకు... ఆకలి లేదండి" అన్నాను.

"మావయ్యగారికి ఉపవాసవండీ" అంది కోడలు గబుక్కున.

"శనివారం ఉపవాసవాండీ?" అంది పెద్దావిడ. "మా గుళ్లో శుక్రవారవేనమ్మా."

సంఘ పెద్ద దగ్గాడు. "ఆయనకి అరుగుదల తక్కువండి. పర్లేదు, మనం కూర్చుందాం" అన్నాడు.

హెడ్మాస్టరుగారి మొహం మారింది. ఆయన గొంతు పెంచలేదు. మా జిల్లాలో గొంతు పెంచకుండానే అనాల్సినవన్నీ అంటారు. "అయ్యో, పర్లేదండి. బలవంతం లేదు. మా ఇంట్లో అన్నం తినడానికి మీకేదో అభ్యంతరం ఉన్నట్టుంది. ముందే చెబితే మాటలు ఇంతదూరం తెచ్చేవాళ్లం కాదు కదా."

మా ఇంట్లో అన్నం తినడానికి అభ్యంతరం!

ఈ మాట ఎవరితో అంటున్నాడో ఆయనకి తెలియదు. నా చిన్నతనంలో రోడ్డు మీద టీ హోటల్లో మా గ్లాసులు బయట దడికి బోర్లించి ఉండేవి. మేమే తీసుకుని, తాగి, మేమే కడిగి బోర్లించేవాళ్లం. చెరువు పనికి పోయిన ఇళ్లలో మా అమ్మ దోసిలి పడితే పైనుంచి గంజి పోసేవారు. ఎవరింట్లో అయినా ఎవరితోనైనా ఒక వరసలో కూర్చుని తినాలని జీవితమంతా కోరుకున్నవాణ్ణి. చివరికి ఎదుటివాళ్ల తిండిని తక్కువచేసి లేచిపోతున్నవాడి వేషం నాకే వేశారు. వేసింది ఎవరో కాదు, నా వాళ్లే, ఆ సీసాలోని రంగుతోనే.

"సబ్బు ఎక్కడుందండీ?" అన్నాను.

పెరట్లో గిన్నెలు తోమే సబ్బు ఉంది, కొబ్బరిపీచు ఉంది. చేతులు తోమాను. కోడలు వెనకే వచ్చి, "మావయ్యగారండీ, వద్దండీ, మీకు దణ్ణం పెడతాను" అంది. నేను చెయ్యి ఆపలేదు. రంగు నురగలో కలిసి తూములోకి పోయింది. మనవరాలు పెరటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. వద్దనలేదు. చెయ్యమనీ అనలేదు. దాని మొహం చూసే ధైర్యం లేక నేల చూస్తూ లోపలికి వెళ్లి ఆకు ముందు కూర్చున్నాను. మొహం నల్లగా నిగనిగలాడుతోంది, చేతులు మచ్చలమచ్చలుగా. మనిషి ఒకడు, చేతులు ఇంకొకడివి.

పెద్దావిడ వంగి చూసింది. "ఏవండీ, చేతులకేంటండీ అది?"

"బొల్లమ్మా. అంటుకోదు."

"అంటుకోదని నాకు తెలీదేంటండీ. మా చిన్నమ్మకీ ఉండేది. అది కాదు, మొహానికేం రాసుకున్నారు?"

"రంగండి."

"మగాళ్లు కూడా రాసుకుంటున్నారా! ఎవరు రాసుకోమన్నారండీ?"

సంఘ పెద్ద తన ఆకు మీది ఉప్పుని శ్రద్ధగా చూస్తున్నాడు. హెడ్మాస్టరుగారు పులుసు గిన్నె పట్టుకుని నా ముందు నిలబడిపోయారు. "నిలబడిపోయావేంట్రా, పెద్దాయనకి ముక్క వెయ్యి" అంది తల్లి. వేశారు. కానీ ఆ గరిటె, పక్కవాళ్లకి వంచినంత కిందికి నా ఆకు మీదకి వంగలేదు. కాస్త ఎత్తు నుంచి పడింది ముక్క. ఆ ఎత్తు నాకు కొత్త కాదు. దోసిలి పట్టిన అమ్మ పక్కన నిలబడి చూసినవాణ్ణి. ఎంత చదువుకున్న చెయ్యి అయినా ఆ ఎత్తు మర్చిపోదు.

తిన్నాను. కడుపు నిండా తిన్నాను. ముల్లు తీసుకుంటూ, వేళ్లు నాక్కుంటూ. మూతి చుట్టూ రంగు నూనెకి కరిగి చెయ్యి తగిలిన చోటల్లా తెల్లబడింది. అందరూ చూస్తుండగా నా మొహం నాకు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే ఏసీ కారు. మనవరాలి ఫోను మోగలేదు. ఆ మోగకపోవడం నాకు వినపడుతూనే ఉంది.

కొన్నాళ్లకి సంఘ పెద్ద వచ్చాడు. అరుగు ఎక్కకుండా వాకిట్లోనే నిలబడి చెప్పాడు. "అన్నం తిన్నారు కాబట్టి మాట తప్పం అన్నారండి. కుర్రాడు కూడా ఈ పిల్లే కావాలని పట్టుబట్టాడంట. కాకపోతే, గుళ్లో వాళ్ల బంధువులు, స్టాఫు, అంతా వస్తారు. ఫోటోలు, వీడియోలు. ఆ ఒక్కరోజుకి మాత్రం తాతగారు ఆ క్రీము వేసుకుంటే బాగుంటుందని..."

నేను అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మా కోడలు కూడా ఈసారి నన్ను ఆపలేదు. తను కూడా రెండు కలిపింది. అతను వెళ్లిపోయాక మనవరాలు వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది.

"తాతయ్యా, నా కోసం ఒక్కరోజు" అంది.

దాని మీద కూడా కోపమొచ్చింది. రాలేదని రాస్తే అబద్ధం. పెరట్లో నురగ వదిలిపోతుంటే చూసింది కదా, ఎత్తు నుంచి పడ్డ ముక్కని చూసింది కదా, ఎలా అడగగలిగింది? కానీ అడుగుతున్నప్పుడు అది నా మొహం చూడలేదు. సిగ్గుపడుతూనే అడిగింది. సిగ్గుపడుతూ కూడా అడిగిందంటే ఆ కుర్రాడు దానికి ఎంత కావాలో నాకు తెలిసింది. తండ్రి ఉంటే తండ్రి చెయ్యి పట్టుకుని గుళ్లోకి నడిచేది. నేనున్నాను. నేను లేకుండా ఈ పెళ్లి లేదు, నా మొహంతో కూడా లేదు.

"మొహం ఇస్తాను, తీసుకో. మీ ఫోటోలకి కావాల్సింది మొహమే కదా. చెయ్యి మాత్రం ఇవ్వను" అన్నాను.

"అంటే?"

"పాస్టరుగారు ఈ పిల్లనెవరు ఇస్తున్నారని అడిగినప్పుడు, నీ చెయ్యి పట్టుకుని వాడి చేతిలో పెట్టేది ఈ చెయ్యి. దీనికి రంగు పుయ్యను. అది కూడా కుదరదంటే, ఆ ఇచ్చేదేదో సంఘ పెద్దనే ఇవ్వమను."

అది నా చెయ్యి తీసుకుని తిప్పి చూసి, "సరే" అంది.

పెళ్లిరోజు పొద్దున పెళ్లికూతురికి అలంకారం చెయ్యడానికి ఏలూరు నుంచి వచ్చినావిడ నన్ను చూసి, "మీరే వేసుకున్నారాండీ? అంచులు భలే కలిపారండీ తాతగారూ" అంది. జీవితంలో నా చేతిపనిని అంత చెయ్యి తిరిగినవాళ్లు మెచ్చుకోవడం అదే మొదలు. మెచ్చుకోవడానికి ఆ పనే దొరికింది.

గుళ్లో నడిచాం. పాస్టరుగారు అడిగారు, నేను బదులు చెప్పాను. మచ్చల చేత్తో దాని చెయ్యి ముందుకి పెట్టాను. ముందు వరసలో ఎవరో గుసగుసలాడారు. పెళ్లికొడుకు దాని చేతితోపాటు నా వేళ్లని కూడా కలిపి పట్టుకున్నాడు. తొందరలో పట్టుకున్నాడో, కావాలనే పట్టుకున్నాడో నాకు తెలియదు. అడగలేదు.

తర్వాత ఒక ఆదివారం ఇద్దరూ ఫోటోలు తీసుకుని వచ్చారు. ఫోటోగ్రాఫరు ఫోనుకి పంపినవి. మంచం మీద చేరి అందరం చూశాం. చూస్తూ చూస్తూ కోడలు, "ఇదెవరు? నేనా?" అంది. అందరం మల్లెపూలలా ఉన్నాం. కోడలు, పెళ్లికూతురు, పాస్టరుగారు, చివరికి కష్టపడి నల్లరంగు వేసుకున్న నేను కూడా పాలలో ముంచి తీసినట్టు ఉన్నాను. మనవరాలు మాత్రం ఒక ఫోటో దగ్గర ఆగి, వేళ్లతో పెద్దది చేసి చూసింది. చేతిలో చెయ్యి పెడుతున్న ఫోటో. నా చెయ్యి నున్నగా, ఒక్క మచ్చ లేకుండా, ఎవరిదో పడుచువాడి చెయ్యిలా ఉంది.

అక్కడే కూర్చుని ఫోటోగ్రాఫరుకి ఫోను చేసింది. అందరికీ వినపడేలా పెట్టింది.

"ఏవండీ, మా తాతయ్య చెయ్యేదండీ?"

"ఉంది కదమ్మా, మీ చేతి కిందే."

"అది మా తాతయ్య చెయ్యి కాదండి."

"ఓ, అదాండీ. తెల్లమచ్చలొచ్చాయమ్మా, ఫ్లాష్ పడిందనుకుని మావాడు క్లీన్ చేశాడు. మీ అందరికీ కూడా రంగు పెంచాం. దానికి ఎక్స్‌ట్రా ఏం తీసుకోలేదమ్మా."

"మా మొహాలు మీ ఇష్టమొచ్చినట్టు చేసుకున్నారు, సరే. ఆ చెయ్యి ఎలా ఉందో అలా పెట్టండి."

"పెద్ద ప్రింటు తీసేశామమ్మా. హెడ్మాస్టరుగారు హాల్లోకి అడిగారు కదా, ఫ్రేము కూడా కట్టేశాం."

"విప్పండి."

"ఆయన ఊరుకోరేమోనమ్మా... వచ్చినవాళ్లు చూస్తే బాగోదని..."

"ఎవరూ చూడకూడదనుకుంటే గోడకెందుకండీ తగిలించడం? విప్పమంటున్నాను! నన్ను నడిపించుకుంటూ తీసుకెళ్లిన చెయ్యండీ అది! చెరిపెయ్యడానికి మీరెవరండీ?"

దాని గొంతు ఇంటి కప్పుకి తగిలింది. అల్లుడు లేచి వెళ్లి దాని పక్కన నిలబడ్డాడు. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. "మెల్లగా మాట్లాడవే, నలుగురూ వింటారు" అని కోడలు చెయ్యి లాగుతోంది.

నేను మాత్రం దాన్ని మెల్లగా మాట్లాడమనలేదు.